మహమ్మారి వేళ టీకా ముందు ఎవరికి? వరుస రాసినంత మాత్రాన న్యాయం జరుగుతుందా?

ప్రశ్న
రాసినవారు: మేస్త్రీగారమ్మాయి, పూణే

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ముప్పై ఏళ్ళ క్రితం పాలమూరు నుంచి పూణే వచ్చి, భవన నిర్మాణంలో మేస్త్రీగా స్థిరపడ్డారు. ఏటా ఆయన వెంట వచ్చే కూలీ కుటుంబాలతో పనిచేసే ఒక చిన్న బృందంలో నేనూ ఉన్నాను. మరోసారి మహమ్మారి వచ్చి, జనాభాకు సరిపడా టీకాలు లేనప్పుడు వాటిని ఏ వరుసలో పంచాలన్న విషయంపై మా బృందం తరఫున ఒక సూచనల పత్రం రాసి ఇవ్వాల్సి వచ్చింది. తేలిగ్గా తేలిపోతుందనుకున్న మొదటి ప్రశ్న దగ్గరే నా కలం ఆగిపోయింది.

2021లో కోవిడ్ టీకాలకు మన దేశం పాటించిన వరుస నాకు తెలుసు. జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలుపెట్టి, ఫిబ్రవరిలో పోలీసులు, పురపాలక కార్మికులు వంటి ముందువరుస సిబ్బందికి, మార్చి 1 నుంచి అరవై దాటినవారికీ, 45–59 ఏళ్ళ మధ్య ఉండి దీర్ఘకాలిక జబ్బులున్నవారికీ, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ, మే 1 నుంచి 18 దాటిన అందరికీ వేశారు. వయసు పైబడినకొద్దీ ఈ జబ్బుతో ప్రాణం పోయే ముప్పు పెరుగుతుంది కనుక, కాగితం మీద ఈ వరుసను తప్పు పట్టడం కష్టం.

అయితే నేను చూసింది వేరు. మహారాష్ట్రలో 18 దాటినవారికి మొదలుపెట్టిన తొలి వారంలో, పూణే శివారు దాటాక ఉన్న ఒక పల్లె టీకా కేంద్రం ముందు ఉదయం ఎనిమిదింటికల్లా కార్లు బారులు తీరాయి. నగరంలో స్లాట్లు దొరకనివారు పిన్‌కోడ్‌లు మార్చి మార్చి వెతికి, ఖాళీ కనిపించిన ఈ పల్లెలో బుక్ చేసుకుని వచ్చారు. ఆ కేంద్రానికి రెండు వందల గజాల దూరంలో, రేకుల షెడ్లలో, మావాళ్ళ కుటుంబాలు నలభై దాకా ఉన్నాయి. వారిలో ఒక్కరికీ స్లాట్ లేదు. టీకాల నమోదు పోర్టల్ అప్పటికి ఇంగ్లీషులోనే ఉంది. షెడ్లలో సగానికి పైగా ఉన్నవి బటన్ ఫోన్లు. ఒక్కో నంబరు మీద నలుగురినే నమోదు చేయనిచ్చేవారు. నేను నా నంబరు మీద నలుగురు ఆడవాళ్ళ పేర్లు ఎక్కించి, ఓటీపీ వచ్చి అది కొట్టేలోపు పచ్చగా ఉన్న గడులన్నీ ఎర్రగా మారిపోవడం మూడు రాత్రులు చూశాను. కార్లలో వచ్చినవారి మీద నాకు కోపం లేదు. వారు ఏ నిబంధననూ మీరలేదు. ఆ నెల రెండో వారంలో, రెండో డోసుకు ఎదురుచూస్తున్న పెద్దవారికి టీకాలు సరిపోవడం లేదని రాష్ట్రం 18–44 ఏళ్ళవారికి వేయడమే ఆపేసింది.

నా సందేహాలు రెండు. మొదటిది: వయసునే కొలమానంగా పెట్టుకోవాలా, లేక పదిమంది ఒకే రేకుల గదిలో పడుకునే, పనికి వెళ్ళక తప్పని మనిషిని, వయసు ముప్పై అయినా సరే, ముందుకు తేవాలా? రెండవది: అసలు లోపం వరుసలోనే ఉందా, మరెక్కడైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి విపులంగా రాయగలరు.


జవాబు 1
రాసినవారు: కొండదారి, పాడేరు

అమ్మా, నమస్కారం. నేను ఆరోగ్యశాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి పర్యవేక్షకుడిగా విరమణ పొందాను. చివరి ఎనిమిదేళ్ళూ విశాఖ మన్యంలోనే గడిచాయి. మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. వరుస గురించి ఢిల్లీలో పెద్దలు ఆలోచించారు, మంచిదే. మా దగ్గర మాత్రం ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది తేల్చింది సీసా.

కోవిషీల్డ్ సీసాలో పది డోసులు ఉండేవి. కోవాగ్జిన్ మొదట్లో ఇరవై డోసుల సీసాగా వచ్చింది. పిల్లలకు వేసే పెంటావాలెంట్ వంటి టీకాలను, తెరిచిన సీసా అయినా, షరతులకు లోబడి 28 రోజుల వరకు దాచి వాడుకోవచ్చు. కోవిడ్ టీకాకు అప్పట్లో ఆ వెసులుబాటు లేదు. తెరిచిన నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఊళ్ళు తిరిగి టీకాలు వేసే నర్సు (ఏఎన్ఎం) పొద్దున్నే పీహెచ్‌సీలోని ఐఎల్ఆర్ అనే టీకాల ఫ్రిజ్ నుంచి సీసాలు తీసుకుని, ఐస్‌ప్యాకును చెవి దగ్గర ఆడించి, లోపల నీళ్ళ చప్పుడు వినపడ్డాక (అది రాయిలా గడ్డకట్టి ఉంటే మందు పాడవుతుంది) నాలుగు ప్యాకుల మధ్య వాటిని క్యారియర్‌లో సర్దుకుని బయలుదేరుతుంది. జీపు దిగాక నడక.

ఆ ఏడాది మార్చి చివర్లో మా ఏఎన్ఎం ఒకామె అలా నడిచి ఒక గూడేనికి చేరింది. పదిహేను ఇళ్ళు. అరవై దాటినవారు నలుగురు. ఒకామె పోడుకు వెళ్ళింది, ఒకాయన సూది వేస్తే చచ్చిపోతామని ఎవరో చెప్పారంటూ తలుపేసుకున్నాడు, మిగిలిన ఇద్దరు ముసలివాళ్ళు అరుగు మీద కూర్చుని చొక్కా చేతులు పైకి మడిచి సిద్ధంగా ఉన్నారు. పక్కనే నలభై ఏళ్ళవాళ్ళు ఐదారుగురు నిలబడి ఉన్నారు, కానీ వారి వయసు కొడితే యాప్ ఒప్పుకోదు. సీసా తెరిస్తే రెండు డోసులు పనికొస్తాయి, ఎనిమిది నేలపాలు. ఆమె సిగ్నల్ దొరికే మలుపు దాకా తిరిగి నడిచొచ్చి, నాకు ఫోన్ చేసి, 'సార్, తెరవమంటారా?' అని అడిగింది. వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో చెప్పాలి. మార్చి 17న ముఖ్యమంత్రులతో జరిగిన సమావేశంలో ప్రధానమంత్రి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల్లో టీకా వృథా పది శాతం దాటిందని పేర్లు పెట్టి చెప్పారు. పథకం మొదలుపెట్టినప్పుడు మాకిచ్చిన మార్గదర్శకాల్లో పది శాతం వృథాకు ముందే చోటుంచి లెక్కగట్టారన్నది వేరే సంగతి. ఆ మాట వచ్చిన మర్నాటి నుంచి ప్రతి సాయంత్రం సమీక్షలో మొట్టమొదటి ప్రశ్న వృథా శాతమే. ఎంతమందికి వేశారన్నది రెండో ప్రశ్న. ఎవరికి వేశారన్నది ఎవరూ అడగని ప్రశ్న. మే నెలలో కేరళను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోదగ్గదే. వారికి అందినవి 73 లక్షల పైచిలుకు డోసులైతే, ప్రతి సీసాలోనూ కొసరుగా ఉండే మందును కూడా నర్సులు జాగ్రత్తగా లాగి 74 లక్షలకు పైగా వేశారు. అయితే నర్సు దగ్గరకు పదిమంది నడిచొచ్చే ఊళ్ళోనే ఆ నేర్పు అక్కరకొస్తుంది. పదిమంది లేని చోట ఎంత నేర్పున్నా ఎనిమిది డోసులు మిగలక తప్పదు.

మా ఏఎన్ఎం ఆ ఇద్దరినీ సంతరోజు కిందికి రమ్మని చెప్పి వచ్చింది. సంతకు నాలుగు గూడేల వాళ్ళు దిగుతారు కనుక పదిమందిని కూడగట్టడం తేలిక. ఇద్దరిలో ఒకాయన వచ్చి వేయించుకున్నాడు. రెండో మనిషిని దించాలంటే డోలీ కట్టాలి. డోలీ మోయడానికి ఇద్దరు మగవాళ్ళు ఒకరోజు పని మానుకోవాలి. ఆయనకు జూలైలో అందింది. అంటే, జాబితా ప్రకారం సామాన్య జనంలో అందరికంటే ముందుండాల్సిన వృద్ధుడు, పట్నంలో ముప్పై ఏళ్ళ కుర్రవాడి తర్వాత వేయించుకున్నాడు.

వృథాను తేలిగ్గా తీసుకోమని నేను అనడం లేదు. కరువులో ఒలికిన ప్రతి డోసూ ఒక మనిషిదే. కానీ ఒలికిన డోసును రిజిస్టరులో రాస్తాం, దానికి జవాబు చెబుతాం. సీసా తెరవనందువల్ల టీకా అందకుండా పోయిన మనిషిని రాసుకోవడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు. తలుపేసుకున్న ముసలాయన సంగతి కూడా అంతే. 'వాళ్ళే వద్దన్నారు' అని ఒక్క ముక్క రాసి పంపేశాం. మూడోసారి వెళ్ళినప్పుడు ఆయనే బయటికొచ్చి చెయ్యి చాపాడు. ఆ మూడోసారి వెళ్ళే తీరిక మాకు జూలై దాకా చిక్కలేదు.


జవాబు 2
రాసినవారు: వకాల్తా, హైదరాబాద్

కొండదారి గారు రాసింది చదివాక చట్టం గురించి మాట్లాడాలంటే కొంచెం సంకోచంగానే ఉంది. అయినా మేస్త్రీగారమ్మాయి గారు రాస్తున్నది ప్రభుత్వానికిచ్చే పత్రం కనుక, న్యాయస్థానాలు ఎక్కడ అభ్యంతరం చెప్పాయో, ఎక్కడ చెప్పలేదో తెలుసుకుని రాయడం మంచిది.

వయసు వరుసను సుప్రీంకోర్టు తప్పు పట్టలేదు. తప్పు పట్టింది డబ్బునూ ఫోన్‌నూ. 2021 మే 1 నుంచి అమలైన విధానంలో ఉత్పత్తిలో సగం కేంద్రానికి, మిగిలిన సగం రాష్ట్రాలకూ ప్రైవేటు ఆసుపత్రులకూ వెళ్ళింది. 45 దాటినవారికి కేంద్రం ఉచితంగా ఇస్తుంది, 18–44 వారి సంగతి రాష్ట్రాలు కొనుక్కుని చూసుకోవాలి, లేదా మనిషే డబ్బు కట్టి వేయించుకోవాలి. రాష్ట్రాలు ప్రపంచ మార్కెట్లో ఒకదానితో ఒకటి పోటీపడి టెండర్లు పిలిచాయి. ఆంధ్రప్రదేశ్ కోటి డోసులకు పిలిచిన టెండరుకు ఒక్క బిడ్ కూడా రాలేదు. జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్‌లతో కూడిన ధర్మాసనం మే 31 నాటి ఉత్తర్వులో, 18–44 వారిని డబ్బు కట్టమనడం పైచూపునకే నిర్హేతుకంగా ఉందని వ్యాఖ్యానించి, టీకాల కోసం బడ్జెట్లో పెట్టిన 35,000 కోట్ల రూపాయలు ఎలా ఖర్చవుతున్నాయో చెప్పమని కేంద్రాన్ని అడిగింది. స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ లేనివారు పోర్టల్ ద్వారా ఎలా నమోదు చేసుకుంటారని కూడా నిలదీసింది. వారం తిరిగేసరికి, జూన్ 7న ప్రధానమంత్రి విధానం మార్పు ప్రకటించారు. జూన్ 21 నుంచి 75 శాతం కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇచ్చింది. మిగిలిన 25 శాతం ప్రైవేటుకే ఉంచారు. అక్కడ అప్పట్లో కోవిషీల్డ్ డోసుకు గరిష్ఠంగా 780 రూపాయలు, కోవాగ్జిన్‌కు 1,410. పాలమూరు కూలీ కుటుంబంలో నలుగురు పెద్దలకు రెండేసి డోసులంటే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

మీ మొదటి ప్రశ్నకు దగ్గరగా వచ్చిన కేసు ఛత్తీస్‌గఢ్‌ది. 18–44 వయసువారి కోసం వచ్చిన కొద్దిపాటి డోసులను ఆ రాష్ట్రం ముందుగా అంత్యోదయ (కడుపేదల రేషన్) కార్డుదారులకు, తర్వాత దారిద్ర్యరేఖకు దిగువనున్న మిగతావారికి, ఆ తర్వాతే ఇతరులకు అని నిర్ణయించింది. ఉద్దేశం మంచిదే: పేదవాడు ఇంట్లో కూర్చోలేడు, జబ్బు చేస్తే వైద్యం కొనలేడు. కానీ హైకోర్టు, ఒక వర్గానికి పూర్తయ్యేదాకా మరో వర్గాన్ని పూర్తిగా ఆపడం కుదరదని, తగిన నిష్పత్తి నిర్ణయించమని చెప్పింది. ప్రభుత్వం ఏం చేసిందో చూడండి: నిష్పత్తి తేలేదాకా ఆ వయసువారికి టీకా వేయడమే నిలిపివేసింది. ఎవరికెంత అన్న తగవు తీరేదాకా సీసాలు ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి. తర్వాత కార్డుల వారీగా వాటాలు ప్రకటించి మళ్ళీ మొదలుపెట్టారు. మీ పత్రంలో కూలీలకు 'మొదటి స్థానం' అని కాక, 'నికరమైన వాటా' అని రాయమని నా సలహా. మొదటి స్థానం అంటే కోర్టుకు వెళ్ళేవారుంటారు. వాటా అంటే నిలుస్తుంది.

మన రెండు రాష్ట్రాలూ వయసు వరుసకు కొన్ని అతుకులు వేసుకున్నాయి. మే 28 నుంచి తెలంగాణ ఆటో డ్రైవర్లు, కూరగాయల వ్యాపారులు, రేషన్ డీలర్లు, గ్యాస్ బండలు ఇంటింటికీ వేసేవారు వంటి, రోజూ వందమందిని తాకే వృత్తులవారికి విడిగా వేసింది. (వారిని 'సూపర్ స్ప్రెడర్లు' అని పిలవడం మాత్రం నాకు రుచించలేదు. మనకు బియ్యం అందించినవారికి మనం పెట్టిన పేరా అది?) ఆంధ్రప్రదేశ్ జూన్‌లో, ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులను వయసుతో నిమిత్తం లేకుండా ముందుకు తెచ్చింది.

గుర్తింపు కార్డు లేనివారి కోసం కేంద్రం మే 6న ఒక విధానపత్రం ఇచ్చింది. సంచారజాతులు, ఖైదీలు, వృద్ధాశ్రమాల్లోనూ మానసిక చికిత్సాలయాల్లోనూ ఉన్నవారు, రోడ్డు పక్క బిచ్చమెత్తేవారు వంటివారిని జిల్లా స్థాయిలో గుర్తించి, ఒక బాధ్యుడి ఫోన్ నంబరు, కార్డు ఆధారంగా వారందరినీ నమోదు చేయవచ్చని అందులో ఉంది. అంటే దారి ఉంది. అయితే అది టీకాలు మొదలైన నాలుగో నెలలో, రెండో ఉధృతి నడినెత్తిన ఉన్నప్పుడు వచ్చింది. మీ పత్రంలో దాన్ని మొదటి రోజు నుంచే అమల్లో ఉండాల్సిన నిబంధనగా అడగండి.


జవాబు 3
రాసినవారు: మంచుపట్టణం, ఇంగ్లండ్

నేను తెనాలిలో పుట్టి, ఇక్కడ ప్రభుత్వ వైద్య వ్యవస్థలో కుటుంబ వైద్యుడిగా పనిచేస్తున్నాను. పైవారిద్దరి మాటల మీద గౌరవంతోనే కొంచెం భిన్నంగా రాస్తాను: వరుస ఎంత సాదాగా ఉంటే అంత మంచిది.

ఇక్కడ టీకాలపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే సంఘం 2020 డిసెంబరులో తొమ్మిది అంతస్తుల జాబితా ఇచ్చింది. మొదట వృద్ధాశ్రమాల్లో ఉన్నవారు, వారిని చూసుకునే సిబ్బంది. తర్వాత ఎనభై దాటినవారు, ఆరోగ్య సిబ్బంది. అక్కడి నుంచి ఐదేసి ఏళ్ళు తగ్గుతూ, మధ్యలో తీవ్రమైన జబ్బులున్నవారిని కలుపుకుంటూ యాభై వరకు. 2021 ఫిబ్రవరిలో, యాభై లోపువారికి ఏ వరుస అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఉపాధ్యాయులు, పోలీసులు, బస్సు డ్రైవర్లు తమకు ముందు కావాలని గట్టిగానే అడిగారు. సంఘం ఒప్పుకోలేదు. వృత్తులవారీగా వడపోస్తూ కూర్చుంటే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే ఆ వృత్తులవారికే నష్టం అన్నది వారి వాదన. బస్సు డ్రైవర్లలో మరణాలు ఎక్కువని తెలిసీ నేను ఆ వాదననే సమర్థించాను, ఇప్పటికీ సమర్థిస్తాను. ఛత్తీస్‌గఢ్‌లో ఫ్రిజ్‌లో మిగిలిన సీసాలే నా పక్షాన సాక్ష్యం.

కానీ ఆ సాదా వరుస ఇక్కడ పనిచేయడానికి ఒక కారణం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. దాదాపు ప్రతి మనిషి పేరూ ఏదో ఒక కుటుంబ వైద్యుడి రిజిస్టరులో ఉంటుంది. ఎనభై దాటినవారెవరో, డయాలిసిస్‌లో ఉన్నదెవరో నాకు ముందే తెలుసు. వారు నన్ను వెతుక్కుంటూ రానక్కర్లేదు, మా గుమాస్తా ఫోన్ చేసి పిలుస్తుంది. బుద్ధిమాంద్యం ఉన్నవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని తేలాక, ఆ ఫిబ్రవరిలోనే, వైద్యుల దగ్గర అలాంటివారి కోసం విడిగా ఉండే రిజిస్టరులో పేరున్న ప్రతి ఒక్కరినీ పిలవమని చెప్పారు. ఎంత తీవ్రత, ఏ పత్రం అని అడగలేదు. దీన్ని మన మార్చి 2021 నిబంధనతో పోల్చండి. 45–59 మధ్య వారికి ఇరవై జబ్బుల పట్టిక ఇచ్చి, అందులో ఒకటి ఉన్నట్టు రిజిస్టర్డ్ డాక్టరు సంతకం చేసిన ధ్రువపత్రం తెమ్మన్నారు. గుంటూరులో ఉన్న మా పెద్దన్నయ్యకు అది ఒక ఫోన్ కాల్‌తో వచ్చింది. ఆయన పొలం కౌలుకు చేసే మనిషికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, కానీ ఆయన జీవితంలో ఎప్పుడూ డాక్టరును చూడలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ రాసిచ్చే మాత్రలతోనే నెట్టుకొస్తున్నాడు. ఆర్‌ఎంపీ సంతకం చెల్లదు. ఎవరికి జబ్బు ముదిరి ఉంటుందో వారికే కాగితం దొరకదు.

కాబట్టి మేస్త్రీగారమ్మాయి గారికి నా మాట ఇది: వరుసలో మెలికలు పెంచకండి. ఆ శ్రమంతా ముందే పేర్లు రాసిపెట్టుకోవడం మీద పెట్టమనండి. ఆశా కార్యకర్త దగ్గర ఇంటింటి పుస్తకం ఎలాగూ ఉంటుంది. అందులో వలస వచ్చినవారి పేజీ ఒకటి చేర్చడం మహమ్మారి లేని రోజుల్లో చేయాల్సిన పని.

ఇంకొక్క మాట. మనం ఒక దేశం లోపలి వరుస గురించే మాట్లాడుకుంటున్నాం. 2021 ఫిబ్రవరి 24న పేద దేశాలకు టీకాలు అందించే అంతర్జాతీయ ఏర్పాటు కోవాక్స్ ద్వారా తొలి విడతగా ఘనాకు చేరిన 6 లక్షల డోసులు మన పూణేలో తయారైనవే. మార్చి చివర్లో మన దగ్గర కేసులు పెరగడంతో ఎగుమతులు ఆగాయి, నెలల తరబడి ఆగాయి. మన అవసరం అలాంటిది, కాదనను. కానీ ఆ నెలల్లో ఇక్కడ నా క్లినిక్‌లో ఏ జబ్బూ లేని నలభై ఏళ్ళవారికి వరసగా సూదులు వేస్తుంటే, ఆఫ్రికాలో ఎన్నో చోట్ల నర్సులకే మొదటి డోసు అందలేదు. ఆ నలభై ఏళ్ళవారిలో నేనూ ఒకణ్ణి.


జవాబు 4
రాసినవారు: అంకెలపెట్టె

ఒక చిన్న చేర్పు. కొండదారి గారు చెప్పిన వృథా భయం సమీక్షల్లోనే ఆగలేదు, పంపకం సూత్రంలోకి కూడా ఎక్కింది. జూన్ 21 నుంచి అమలైన మార్గదర్శకాల ప్రకారం రాష్ట్రాలకు డోసులు పంచడానికి కొలమానాలు జనాభా, వ్యాధి తీవ్రత, టీకాలు వేయడంలో సాధించిన పురోగతి. వృథా ఎక్కువైతే కేటాయింపు తగ్గేది. రాష్ట్రం జిల్లాకు, జిల్లా మండలానికి అదే సూత్రాన్ని వర్తింపజేస్తే ఏమవుతుందో ఊహించండి. రోడ్డున్న మండలం త్వరగా వేస్తుంది, కాబట్టి దానికి మరిన్ని వస్తాయి. కొండ మీది మండలం నెమ్మదిగా వేస్తుంది, పైగా వృథా ఎక్కువ, కాబట్టి దానికి తగ్గుతాయి. మంచుపట్టణం గారు కోరుకున్న వేగం దేశం మొత్తానికి సగటున వచ్చింది. అక్టోబరు 21 నాటికి వంద కోట్ల డోసులు పూర్తయ్యాయి, గొప్ప విషయమే. ఆ వంద కోట్ల తర్వాత కూడా నవంబరులో ఇంటింటికీ తిరిగే 'హర్ ఘర్ దస్తక్' అవసరమైందంటే, మిగిలిపోయినవారు ఎవరో, ఎక్కడున్నారో ఆలోచించుకోవచ్చు.


మళ్ళీ రాసినవారు: మేస్త్రీగారమ్మాయి, పూణే

అందరికీ కృతజ్ఞతలు. వయసా, వృత్తా అని నేను నలిగిపోయిన ప్రశ్నను పక్కనపెట్టి, వరుసను మంచుపట్టణం గారు చెప్పినట్టు సాదాగానే ఉంచుతున్నాను. వకాల్తా గారి సలహా మేరకు 'మొదటి స్థానం' తీసేసి, ఏ కేంద్రానికి వచ్చిన డోసుల్లోనైనా సగం ఆ చుట్టుపక్కల నివసించేవారికి, ఫోన్ లేకుండా నేరుగా వచ్చినవారికి ఉంచాలని రాశాను. నివాసానికి రుజువుగా కార్డు అడగకుండా ఆశా పుస్తకంలో పేరుంటే చాలని చేర్చాను. కార్డు లేనివారి విధానం మొదటి రోజు నుంచే అమలు కావాలని కూడా ఉంది.

కొండదారి గారి సీసా గురించి ఇలా రాశాను, చూసి చెప్పండి: 'దూరప్రాంతాలుగా ముందే ప్రకటించిన ఆవాసాల్లో, అర్హులు కనీసం ముగ్గురుంటే సీసా తెరవవచ్చు, మిగిలిన డోసులను వృథా కింద లెక్కించరాదు.' ఇద్దరికే తెరవనిమ్మంటే ఒప్పుకోరేమోనని ముగ్గురు అన్నాను.


మళ్ళీ రాసినవారు: కొండదారి, పాడేరు

అమ్మా, ముగ్గురు అని రాయకండి. ముగ్గురు అని రాస్తే, ఇద్దరే కూర్చున్న అరుగు దగ్గర మా ఏఎన్ఎం మళ్ళీ అదే మలుపు దాకా నడిచొచ్చి ఫోన్ చేయాలి, అవతల నాలాంటి వాడొకడు మళ్ళీ వద్దనాలి. ఒకరున్నా తెరవవచ్చని రాయండి. దాని కిందే ఇంకో వాక్యం చేర్చండి: అలా తెరిచిన సీసాలో మిగిలిన డోసులను, వైద్యపరంగా అడ్డు లేకపోతే, అక్కడ ఉన్న పెద్దవాళ్ళకు వయసు వరుసతో పని లేకుండా వేయవచ్చు, యాప్ దానికి ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించుకోవచ్చు. ఆ రోజు ఆ ఒక్క వాక్యం నా చేతిలో ఉండి ఉంటే ఆ ఇద్దరితో పాటు పక్కన నిలబడ్డ ఐదారుగురికీ పడేది, పారేయాల్సినవి రెండో మూడో మిగిలేవి.

మీ కూలీల షెడ్లకు కూడా ఇదే రాయండి. అక్కడ మనుషులు పగలు ఉండరు కదా, సాయంత్రం ఆరు తర్వాత వెళ్ళేలా సిబ్బందికి వేళలు మార్చమని అడగండి. మా సబ్‌సెంటర్లు నాలుగింటికే మూసేవాళ్ళం.